ఉద్యోగం తినేసిందా ఆయన్ని

పన్నెండు దాటినా నిద్ర పట్టట్లేదు. పొద్దున నవలలు రాసిన విలేకరి కె.ఎన్.వై. పతంజలి మాటొస్తే మా మరిది ఫోన్లోంచి తలెత్తకుండా "పతంజలి అంటే కామెడీ రాస్తాడు, ఆయనేగా వదినా" అన్నాడు, అప్పట్నించీ చిరాగ్గా ఉంది. కామెడీ ఏంటసలు? ఆయన నవలల్లో భూమి బల్లపరుపుగా ఉందని గోపాత్రుడు అంటాడు, ఊరు రెండుగా చీలిపోతుంది, పిలకతిరుగుడు పువ్వు నవల్లో ఆ తగువు కోర్టుకెక్కుతుంది. నవ్వొస్తుంది, రాదనను. కానీ పంతం కోసం మనుషులు ఎంతదూరం పోతారో, పోలీసులూ కోర్టులూ అందులో ఎలా కలుస్తాయో అంత కడుపుమంటతో ఇంకెవరు చెప్పారు? అదంతా వదిలేసి హాస్య రచయిత అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నానికి ఆ కోపం ఆయన పేపరు ఉద్యోగం మీదకి మళ్ళింది. 1975లో ఈనాడు, తర్వాత ఉదయం పేపరు, విజయనగరంలో సొంతంగా పెట్టిన పతంజలి పత్రిక నిలబడలేదు, చివరికి 2008లో సాక్షికి ఎడిటరు. 2009 మార్చిలో పోయారు, 57 ఏళ్ళు కూడా నిండలేదు. ఎన్ని నవలలు ఆ డ్యూటీల్లో కలిసిపోయాయో.

మా బాబాయి గుర్తొచ్చాడు. పేపరాఫీసులో వార్తలు దిద్దే డెస్కులో నైట్ డ్యూటీ, ఎడిషన్ వదిలి ఇంటికొచ్చేసరికి ఏ రెండో అయ్యేది. పిన్ని మూతపెట్టి ఉంచిన అన్నం ముందు కూర్చుని పతంజలి నవల పెంపుడు జంతువులు తీసి పైకే చదివేవాడు, పిల్లలు లేస్తారండీ అని పిన్ని విసుక్కునేది, నేను అప్పటికే లేచి వింటుండేదాన్ని. పేపరాఫీసు ఉద్యోగుల బతుకే ఆ నవలంతా. "మేం కొట్టేసిన పేరాలన్నీ ఇందులో ఉన్నాయే" అనేవాడు బాబాయి, అన్నాక చాలాసేపు మాట్లాడేవాడు కాదు.

ఇది రాస్తుంటే అనిపిస్తోంది, ఉద్యోగం తినేసిందని ఎలా అనడం? వార్తగా రాయడానికి వీల్లేనిదే కదా ఖాకీవనం నవల అయింది, పోలీసుల సంగతి విలేకరికి తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? మరి వీరబొబ్బిలి నవలో? రాజుగారి లోగిట్లో ఆ వేటకుక్క రోషం, ఆ మాటతీరు పుట్టిన ఊరు అలమండ ఇచ్చిందే, డెస్కు చేతికిస్తే ఆ యాసంతా దిద్ది పేపరు భాష చేసేసేది. రోజంతా ఆ దిద్దుడు పని చేస్తూ కూడా ఆ యాసని పోనివ్వలేదాయన, నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే.

ఒక్క 2008 మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు. కొత్త పేపరు భారం నెత్తికెత్తుకోకుండా అలమండ వెళ్ళి కూర్చునుంటే ఇంకొక్క నవలైనా వచ్చేది. ఎవరెన్ని చెప్పినా ఆ విషయంలో నా కోపం పోదు.