గేట్ తర్వాత ఎమ్మెస్ ఇంటర్వ్యూ: నన్ను గట్టెక్కించిన 120 మిల్లీసెకన్లు

నిన్న సాయంత్రం సెలక్షన్ లిస్టు వచ్చింది. ఎమ్మెస్ రీసెర్చ్, కంప్యూటర్ విజన్ (బొమ్మల్లో ఏముందో కంప్యూటర్‌తో గుర్తింపజేసే విభాగం). ఇంట్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, అందుకే హడావుడిగా రాస్తున్నాను.

రాతపరీక్ష గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. పాత పేపర్లు, ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీ, అంతే. న్యూమరికల్ ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటీ వదలొద్దు. అసలు టెన్షన్ ఇంటర్వ్యూది.

సమాంతరంగా పనిచేసే కంప్యూటర్లకు ఫ్లిన్ 1966లో చేసిన వర్గీకరణ, పైప్‌లైనింగ్ (పనిని దశలుగా విడగొట్టి అన్ని దశలనూ ఒకేసారి నడపడం) ఫార్ములాలు మనందరికీ కంఠతా వచ్చినవే. బాలాజీ కాలనీలో నా రూమ్మేట్ గ్రూప్-2కి చదివేవాడు. ఒక రాత్రి వాడికి వినబడేలా పైకి చదువుతున్నాను: కెమెరా ఫ్రేము నాలుగు దశలు దాటాలి. నాయిస్ తీయడం, అంచులు పట్టడం, వస్తువును గుర్తించడం, ట్రాక్ చేయడం. ఒక్కో దశకు ఒక ప్రాసెసర్, 30 మిల్లీసెకన్లు. దశలన్నీ ఒకేసారి నడుస్తాయి కాబట్టి 30 మిల్లీసెకన్లకో ఫ్రేము బయటికొస్తుంది, అంటే సెకనుకు 33 ఫ్రేములు. కెమెరా ఇచ్చేది సెకనుకు 30 ఫ్రేములే, కాబట్టి సరిపోయింది.

"సరే, కానీ నీకు జవాబు వచ్చేసరికి ఆ బొమ్మ ఎంత పాతదై ఉంటుందిరా?" అన్నాడు.

నాలుగు దశలకూ కలిపి 120 మిల్లీసెకన్లు! చిత్తూరు రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్లతో పోయే కారు ఆలోపు 2 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. త్రూపుట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) బాగుంది, లేటెన్సీ (ఒక్కో ఫ్రేముకు జవాబు రావడానికి పట్టే సమయం) చంపేసింది. రియల్‌టైమ్ అన్న మాట నాకు ఆ రాత్రే అర్థమైంది.

తెల్లవార్లూ లెక్కలే. మొదటి మూడు దశల్లో ఫ్రేమును నాలుగు అడ్డపట్టీలుగా కోసి నాలుగు కోర్లకు (ప్రాసెసర్లకు) పంచితే ఆ మూడింటి 90 మిల్లీసెకన్లు కాస్తా 22.5 అవుతుంది. పట్టీల అంచుల దగ్గర పక్క వరుసలు కూడా ఇవ్వాలి, లేకపోతే ప్రతి పిక్సెల్‌కు చుట్టుపక్కల పిక్సెల్స్‌ను చూసే 3×3 ఫిల్టర్ తప్పుతుంది. ట్రాకింగ్‌ను ముక్కలు చేయలేం అనుకుంటే దానికి ఐదో కోరు. మొత్తం 52.5. సెకనుకు 33 ఫ్రేములు అలాగే ఉంటాయి, కారు మాత్రం మీటరు కూడా దాటదు.

బోర్డు మీద అచ్చం ఇలాంటిదే అడిగారు. "కోర్లు ఇంకా పెంచితే?" అన్నారు. ఎన్ని పెట్టినా ట్రాకింగ్ 30 మిల్లీసెకన్ల కిందికి రాదు, ముక్కలు చేయలేని పనే వేగానికి హద్దు అని ఆమ్‌డాల్ 1967లోనే చెప్పాడు అన్నాను. తర్వాత ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనకు కావలసినట్టు మార్చుకోగల చిప్పు) గురించి అడిగారు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో 20 లక్షలకు పైగా పిక్సెల్స్ ఉన్నా 3×3 ఫిల్టర్‌కు రెండు వరుసలు, అంటే 3,840 పిక్సెల్స్ దాచుకుంటే చాలు, ఫ్రేమంతా వచ్చేదాకా ఆగక్కర్లేదు అని చెప్పాను. మిగతావి ఏవో అడిగారు, ఏవో చెప్పాను.

హైదరాబాద్ కోచింగ్‌కు పోలేదని చుట్టాలు ఎన్ని మాటలన్నారో! తిరుపతిలో కూర్చున్నా పొద్దున్నే లేచి, ఫోను పక్కన పెట్టి, రోజుకు ఒక లెక్క చివరిదాకా చేసేవాడికి ఊరు అడ్డం కాదు. ఖర్చు ఇంట్లోవాళ్లది, అది గుర్తుంటే రీల్స్ చూడబుద్ధి కాదు.

ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు ఇదే లెక్కను 60 ఫ్రేముల కెమెరాకు వేయండి. ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు, ట్రాకింగ్ ఒక్కటే 30 తింటుంది. సరి, బేసి ఫ్రేములను రెండు కోర్లకు పంచుదామంటే ట్రాకింగ్‌కు అంతకుముందరి ఫ్రేము ఫలితం కావాలి. మరి ఏం చేస్తారు?