ఆటపాక గూడబాతులు, అవతలి కొల్లేరు

జనవరిలో విజయవాడ నుంచి భీమవరం రైలెక్కి కైకలూరులో దిగాం. ఆటపాక పక్షుల కేంద్రం ఊరి పక్కనే. పడవ గట్టు వదిలిందో లేదో గూడబాతుల (పెలికాన్ల) గోల మొదలైంది. వాటికి చెట్లు చాలవని అటవీ శాఖవాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. ప్రతి స్టాండు మీదా గూళ్లే, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. ఒక తల్లి ముక్కు తెరవగానే పిల్ల తల మొత్తం ఆ గొంతు సంచిలోకి దూర్చేసింది. మింగేస్తుందేమోనని మా పాప కంగారుపడింది. చేప దొరికాక గానీ పిల్ల తల బయటికి తీయలేదు. పక్క స్టాండ్ల మీద ఎర్రకాళ్ల కొంగలు. వాసన మాత్రం ఘాటుగా ఉంది, అయినా దిగాలనిపించలేదు.

"ఇది చెరువేనండి, అసలు కొల్లేరు బయటుంది, అదీ చూసెళ్లండి" అన్నాడు పడవ నడిపే పెద్దాయన.

చూశాం. రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులే. 5వ కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే నీళ్లు పల్చగా పరుచుకుంటేనే కిక్కిస గడ్డి పెరుగుతుంది, చిన్న చేప ఎదుగుతుంది, కొంగకి కాలు ఆనుతుంది. లోతుగా తవ్వి గట్టు పోస్తే అవేవీ ఉండవు. వలలు, మావులనే చేపల బోనులతో బతికే వడ్డీ కులపు జాలర్లకీ చోటు పోతుంది. చెరువుల లీజు డబ్బుతో పిల్లల్ని చదివించుకున్న కుటుంబాలూ అక్కడున్నాయి కాబట్టి, ఖాళీ చేయించేవాళ్లు ముందు వాళ్లకి బతుకుదెరువు చూపించాలి. అది చేయకుండా గట్లు కొట్టడం నాకు న్యాయం అనిపించదు.

ఆకివీడు వైపు వెళ్తూ ఉప్పుటేరు వంతెన మీద ఆగాం. ఇంత సరస్సు నీళ్లూ సముద్రానికి చేరాల్సిన దారి ఇదొక్కటే. పూడిక, గుర్రపుడెక్క దీన్ని ఇరుకు చేస్తే వానల్లో చుట్టుపక్కల ఊళ్లు మునుగుతాయి, ఎండాకాలంలో సముద్రపు ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. ఆటపాకలో స్టాండ్లు ఇంకా వేయాల్సిందే. దానికి ముందు ఉప్పుటేరు పూడిక తీయించాలి, అభయారణ్యం హద్దుని 5వ కాంటూరు నుంచి 3వదానికి కుదించమనే మాట పక్కన పెట్టాలి.