ఈ-రీడర్‌లో తెలుగు పుస్తకం

ఈ-రీడర్ (ఈ-పుస్తకాలు చదువుకునే పరికరం) వాడటం మొదలుపెట్టాకే తెలిసింది, తెలుగు పుస్తకాలకు ఈపబ్ అనే ఈ-పుస్తక ఫార్మాట్ ఎంత అవసరమో. నెట్‌లో దొరికే పాత పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే. ప్రతి పేజీ ఒక బొమ్మ. 6 అంగుళాల తెర మీద అక్షరం పెంచితే సగం వాక్యం కనిపించదు. ఈపబ్‌లో వాక్యాలే తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి.

ఫార్మాట్ మార్చడానికి క్యాలిబర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటిలోనూ నడుస్తుంది. కానీ యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి) కాని పాత ఫాంట్లలో టైప్ చేసిన ఫైల్ ఇస్తే తెలుగుకి బదులు పిచ్చి గుర్తులొస్తాయి. మా నాన్నగారి కథలన్నీ అలాంటి ఫైళ్లలోనే ఉన్నాయి, చూస్తే బాధేస్తుంది. ముందు యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్దాలి. ఆ తర్వాతే ఈపబ్.

ప్రచురణకర్తలూ, దయచేసి పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ఈపబ్ కూడా ఇవ్వండి. చూపు తగ్గిన పెద్దవాళ్లు అక్షరాలు పెద్దవి చేసుకుని హాయిగా చదువుకుంటారు.