టైప్‌స్క్రిప్ట్ కంపైలర్‌తో మాడ్యూళ్ల లెక్క తేల్చిన అనుభవం

మా టైప్‌స్క్రిప్ట్ ప్రాజెక్టులో ఎవరూ వాడని ఎక్స్‌పోర్టులు (ఒక ఫైల్, అంటే మాడ్యూల్, ఇతర ఫైళ్లు వాడుకునేందుకు బయటపెట్టే ఫంక్షన్ల వంటివి) ఏవో తేల్చే పని నాకు అప్పగించారు. గ్రెప్ (ఫైళ్లలో అక్షరాలను వెతికే సాధనం) కొడితే సాయంత్రానికల్లా తేలిపోతుందని మా లీడ్ సెలవిచ్చారు. ఒకే పేరుగల ఫంక్షన్లు నాలుగైదు ఫోల్డర్లలో ఉన్న కోడ్‌లో గ్రెప్ ఏం తేలుస్తుందో ఆయనకే తెలియాలి. నేను మాత్రం టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ ఏపీఐని, అంటే కంపైలర్‌కు తెలిసిన వివరాలను మన స్క్రిప్టుతో అడిగే ఫంక్షన్లను, నమ్ముకున్నాను.

ఆరంభం సులువుగానే సాగింది. క్రియేట్‌ప్రోగ్రామ్‌కు ఫైళ్ల జాబితా ఇచ్చి, టైప్ చెకర్‌ను తీసుకుని, ఒక్కో ఫైల్‌పై గెట్‌సింబల్‌ఎట్‌లొకేషన్‌ను పిలిస్తే ఆ మాడ్యూల్ సింబల్ (కంపైలర్ ఒక్కో పేరుకు ఉంచుకునే గుర్తింపు) చేతికొస్తుంది. దాన్ని గెట్‌ఎక్స్‌పోర్ట్స్‌ఆఫ్‌మాడ్యూల్‌కు అందిస్తే ఎక్స్‌పోర్టులన్నీ వస్తాయి.

అసలు చిక్కంతా ఇండెక్స్ ఫైళ్ల దగ్గర వచ్చింది. మాకంటే ముందున్న బృందం ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక ఇండెక్స్ ఫైల్ పెట్టి, అన్నింటినీ అక్కడినుంచే మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసింది. దాంతో ఫంక్షన్ సొంత ఊరు అడిగితే అది దిగిన సత్రం పేరు చెప్పినట్టు, సగానికి పైగా డిక్లరేషన్లు (పేరును ప్రకటించిన చోట్లు) ఇండెక్స్ ఫైల్‌నే చూపించాయి. ఆ జాబితాను తెరమీద చూసిన లీడ్, ఇదే ముక్క గ్రెప్ కూడా చెప్పేదని అందరి ముందూ అన్నారు.

ఇలా పేరుపెట్టి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసినవి మారుపేర్లు మాత్రమే కనుక గెట్‌అలియస్డ్‌సింబల్‌తో అసలు సింబల్‌ను రాబట్టాలి. అయితే నక్షత్రం గుర్తుతో ఒక్కసారిగా ఎక్స్‌పోర్ట్ చేసినవాటికి అసలు సింబళ్లే నేరుగా వస్తాయి. వాటిపై అదే ఫంక్షన్‌ను పిలిస్తే కంపైలర్ ఎర్రర్ విసిరి ఆగిపోతుంది. ఒకే జాబితాలో రెండు రకాలూ కలిసి ఉంటాయి కాబట్టి, ప్రతి సింబల్‌కూ ముందుగా అది మారుపేరేనా అని చెప్పే అలియస్ ఫ్లాగ్‌ను పరీక్షించడం తప్పనిసరి.

ఆ పరీక్ష పెట్టాక కూడా కొన్నింటికి 'అన్‌నోన్' అనే పేరే వచ్చింది, పైగా ఎర్రర్ ఊసే లేదు. క్రియేట్‌ప్రోగ్రామ్ తనంతట తాను ప్రాజెక్టు అమరికలుండే టీఎస్‌కాన్ఫిగ్ ఫైల్‌ను చదవదు. కనుక అందులోని పాత్స్ అమరిక (మాడ్యూళ్ల దారులకు పెట్టుకున్న పొట్టి పేర్లు) దానికి తెలియక, ఆ దారుల్లోని మాడ్యూళ్లు దానికి దొరకలేదు. రీడ్‌కాన్ఫిగ్‌ఫైల్‌తో చదివి, పార్స్‌జేసన్‌కాన్ఫిగ్‌ఫైల్‌కంటెంట్ ఇచ్చిన ఆప్షన్లను అందించాకే లెక్క కుదిరింది. ఈ దారి పట్టేవారు అన్నిటికంటే ముందు గెట్‌ప్రీఎమిట్‌డయాగ్నోస్టిక్స్‌ను నడిపి, మాడ్యూల్ దొరకలేదని చెప్పే 2307 ఎర్రర్ ఉందేమో చూసుకోండి. అది కనిపిస్తే మిగతా ఫలితాలను నమ్మకండి.

చివరికి వచ్చిన జాబితాలో ఏ ఫంక్షన్ ఏ ఫైల్‌లో పుట్టిందో, దాన్ని ఎవరు వాడుతున్నారో స్పష్టంగా ఉంది. అలాంటిది గ్రెప్‌తో తీసి చూపించమని లీడ్‌నే అడిగాను, ఇంకా చూపించలేదు. కంపైలర్‌ను గో భాషలోకి మారుస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2025 మార్చిలో ప్రకటించింది. దాంతో ఈ ఏపీఐ కూడా మారవచ్చు కాబట్టి, ప్రస్తుతానికి ఈ స్క్రిప్టు వాడే టైప్‌స్క్రిప్ట్ వెర్షన్‌ను కదలకుండా కట్టేసి ఉంచాను.