ఎస్ప్రెస్సో మెషీన్ ప్రెషర్ నా చేతిలోకి వచ్చిన విధం

ఇంట్లో వాడే చాలా ఎస్ప్రెస్సో మెషీన్ల పెట్టె మీద '15 బార్' అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది (బార్ అంటే ప్రెషర్ కొలిచే ప్రమాణం). అది పంపు ఇవ్వగల గరిష్ఠ ప్రెషర్ మాత్రమే. కాఫీకి కావలసింది 9 బార్ల దగ్గర, అది కూడా షాట్ (ఒక విడత కాఫీ దింపడం) మొదలైన క్షణం నుంచే అక్కర్లేదు. ఈ రెండు విషయాలూ నా మెషీన్‌లో సాధించుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. నాలాగే సింగిల్ బాయిలర్ (కాఫీకీ ఆవిరికీ ఒకే బాయిలర్), వైబ్రేటరీ పంపు (పిస్టన్ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటూ నీళ్లు నెట్టేది) ఉన్న చిన్న మెషీన్ వాడేవాళ్లకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

నేను తాగేది అరకు అరబికా, మీడియం రోస్ట్. 18 గ్రాముల పొడికి కప్పులోకి 36 గ్రాములు, పాతిక ముప్పై సెకన్లలో దిగాలి. ఒకరోజు అలాగే దిగేది. మర్నాడు అదే పొడి, అదే గ్రైండ్‌తో పదిహేను సెకన్లలో దూకేసేది. అడుగు తెరిచి ఉండే పోర్టాఫిల్టర్ (పొడి నింపి మెషీన్‌కు బిగించే పిడి గిన్నె) కొన్నాక కారణం కంటికి కనిపించింది. ఒక పక్కనుంచి పాలిపోయిన సన్నటి ధార చిమ్ముతోంది, మిగతా చోట్ల చుక్క కూడా లేదు. నెర్రెలు విచ్చిన మడికి ఒక్కసారిగా నీళ్లు వదిలితే నెర్రెల వెంటే పారిపోయినట్టు, ఇంకా తడవని కాఫీ బిళ్ళ (గట్టిగా అదిమిన పొడి) మీద పూర్తి ప్రెషర్ పడగానే నీళ్లు బలహీనమైన చోటు వెతుక్కుంటున్నాయి. ఆ దారిలోని పొడి అతిగా పిండుకుపోయి చేదు వస్తుంది, మిగతాది సరిగ్గా దిగక పులుపు వస్తుంది. ఒకే కప్పులో ఆ రెండూ తగిలితే, నీళ్లు ఇలా ఒకే దారి పట్టే ఛానెలింగ్‌ను అనుమానించాలి.

దీనికి మందు ప్రీఇన్‌ఫ్యూజన్. ముందు రెండు మూడు బార్లతో పొడిని నిదానంగా తడపాలి. అది ఉబ్బి సందులు పూడుకున్నాక పూర్తి ప్రెషర్ ఇవ్వాలి. 1961లో వచ్చిన ఫేమా ఈ61 అనే ఇటాలియన్ మెషీన్‌లోనే ఈ ఏర్పాటు ఉంది. ఇటలీ వాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు, చౌక మెషీన్లలో వదిలేశారంతే. విదేశాల్లో కొందరు మెషీన్‌ను నేరుగా కుళాయి లైనుకు కలిపి, ఆ ప్రెషర్‌తోనే ప్రీఇన్‌ఫ్యూజన్ చేస్తారు. మన ఇళ్లల్లో నీళ్లు డాబా మీది ట్యాంకు నుంచి వస్తాయి. పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ లెక్కన, రెండంతస్తుల పైన ట్యాంకు ఉన్నా ఒక బార్ కూడా రాదు. కాబట్టి ఏం చేసినా పంపుతోనే చేయాలి.

మొదట కొలిచాను. పోర్టాఫిల్టర్‌కు బిగించే గేజ్ పెట్టి పంపు ఆన్ చేస్తే ముల్లు 13 దగ్గర నిలబడింది. ఎక్కువైన ప్రెషర్‌ను వెనక్కి ట్యాంకులోకి వదిలే ఓపీవీ వాల్వ్‌ను ఫ్యాక్టరీలో అంత ఎత్తున పెట్టారు. ప్లగ్ తీసి, బాయిలర్ పూర్తిగా చల్లారాక పైమూత విప్పి, ఎల్ కీతో ఆ వాల్వ్ స్ప్రింగ్‌ను కొద్దికొద్దిగా వదులు చేశాను. గేజ్‌తో కొలిచేటప్పుడు నీళ్లు బయటికి పోవు కాబట్టి, అసలు షాట్‌లో కంటే ముల్లు దాదాపు ఒక బార్ ఎక్కువ చూపిస్తుంది. అందుకే 10 దగ్గర ఆపాను, షాట్‌లో అది 9 అవుతుంది. మీరు ఒక్క పనే చేయదలిస్తే ఇదే చేయండి. ఇంకే గాడ్జెట్టూ కొనక ముందే కాఫీలో తేడా నాకు స్పష్టంగా తెలిసింది.

తర్వాత ప్రీఇన్‌ఫ్యూజన్‌కు పైసా ఖర్చు లేని పద్ధతి. స్టీమ్ నాబ్ కొంచెం తెరిచి, ఆ గొట్టం కింద కప్పు పెట్టి బ్రూ స్విచ్ వేయాలి. పంపు నీళ్లలో ఎక్కువ భాగం స్టీమ్ గొట్టం నుంచి పోతుంది, కాఫీ మీద తక్కువ ప్రెషరే పడుతుంది. ఏడెనిమిది సెకన్లయ్యాక నాబ్ మెల్లగా మూసేస్తే ప్రెషర్ పెరుగుతుంది. చాలా రోజులు ఇలాగే చేశాను. పనిచేస్తుంది కానీ రోజూ ఒకేలా రాదు. వేడినీళ్లు చిందుతాయి, చెయ్యి జాగ్రత్త.

నిలకడ కోసం, పంపుకు వెళ్లే కరెంటును తగ్గించి పెంచే డిమ్మర్ పెట్టించాలనుకుని, మా వీధిలో మిక్సీలూ మోటార్లూ బాగుచేసే అన్న దగ్గరికి మెషీన్ తీసుకెళ్లాను. "ఫ్యాన్ రెగ్యులేటర్ వేద్దామా అన్నా?" అని అడిగాను. పంపు చూసి, "ఇందులో డయోడ్ ఉంది సార్. ఇప్పుడొచ్చే కెపాసిటర్ రెగ్యులేటర్‌తో నడవదు, ట్రయాక్ డిమ్మర్ కావాలి" అన్నారు. ఆ మాట అక్షరాలా నిజం. మన 50 హెర్ట్జ్ కరెంటుకు ఈ పంపు పిస్టన్ సెకనుకు యాభై సార్లు కొట్టుకుంటుంది. డయోడ్ కరెంటును ఒక వైపే పోనిస్తుంది. దానికి వరుసలో కెపాసిటర్ పెడితే అది నిండిపోయి దారి మూసేస్తుంది. డిమ్మర్‌ను పంపు వైరుకు మాత్రమే కలిపారు. కరెంటుతో తెరుచుకునే సొలెనాయిడ్ వాల్వ్ అదే స్విచ్ మీద ఉన్నా, దానికి పూర్తి వోల్టేజ్ అందాలి కాబట్టి దాన్ని విడిగా ఉంచారు. ఎర్త్ కూడా సరిచూశారు. నీళ్లూ కరెంటూ ఒకే డబ్బాలో ఉన్నచోట ఈ పని తెలిసినవాళ్లకే వదలాలి.

పంపు గొట్టానికి టీ జాయింట్ పెట్టి శాశ్వతంగా ఒక గేజ్ కూడా బిగించుకున్నాను. పంపు దడకు ముల్లు వణుకుతుంటే మధ్యలో సన్నటి పొడవాటి ట్యూబు వేస్తే కుదురుకుంది.

అసలు పాఠం ఆ తర్వాతే. డిమ్మర్ నాబ్ ప్రెషర్‌ను నేరుగా పెంచదు, నీళ్ల వేగాన్ని పెంచుతుంది. ఆ నీళ్లకు కాఫీ బిళ్ళ ఎంత అడ్డుపడితే ముల్లు అంత లేస్తుంది. నాబ్ ఒకే చోట ఉన్నా, గ్రైండ్ ముతకైతే ముల్లు కదలనే కదలదు. ఇది అర్థమయ్యాక నాబ్ మీద గీతలు చూడటం మానేసి గేజ్‌నూ పోర్టాఫిల్టర్ అడుగునూ కలిపి చూస్తున్నాను. రెండు మూడు బార్ల దగ్గర ఉంచితే అడుగున చెమట పట్టినట్టు చుక్కలు అంతటా కనిపిస్తాయి. అప్పుడు మూడు నాలుగు సెకన్లలో 9కి తీసుకెళ్తాను. ఒక పక్కనే చుక్కలు వస్తే తొందరపడను, ఇంకాస్త ఆగుతాను. ఇలా చేయడం మొదలుపెట్టాక గ్రైండ్‌ను మునుపటి కంటే సన్నగా పెట్టగలుగుతున్నాను, అరకు గింజలోని తీపి ఇప్పుడు కప్పులో బాగా తెలుస్తోంది.

షాట్ సగం దాటాక బిళ్ళ మెత్తబడి అడ్డు తగ్గుతుంది, ధార వేగం పుంజుకుంటుంది. ఆ సమయంలో నాబ్ వెనక్కి తిప్పి ఆరు బార్ల దాకా దించుతాను. పాత స్ప్రింగ్ లీవర్ మెషీన్లలో నొక్కుకున్న స్ప్రింగ్ విచ్చుకునేకొద్దీ ప్రెషర్ తనంతట తానే తగ్గుతుంది. వాటి కాఫీ చివర్లో మెత్తగా ఉండటానికి ఇదొక కారణమని నా నమ్మకం.

రోస్ట్‌ను బట్టి సమయం మారుతుంది. లైట్ రోస్ట్ అయితే పది పన్నెండు సెకన్లు తడపనిస్తాను, గింజ గట్టిగా ఉంటుంది కాబట్టి. డార్క్ రోస్ట్‌కు నాలుగైదు చాలు, ఎక్కువసేపు ఉంచితే చేదు లాగేస్తుంది. వేయించి రెండు మూడు రోజులే అయిన గింజలైతే గ్యాస్ బాగా ఉండి బిళ్ళ పొంగుతుంది. వాటిని వారం పక్కన పెట్టి తర్వాత వాడుతున్నాను.