1780 అని ఉన్న వెండి నాణెం: ధర కట్టడానికి నాకు పట్టిన మూడు వారాలు

పెద్దనాన్న పోయాక ఆయన బీరువా సర్దుతుంటే, దూదిలో చుట్టి దాచిన ఒక పెద్ద వెండి నాణెం దొరికింది. బొమ్మ వైపు ఛాతీ దాకా ఒక రాణి, తల మీద మేలిముసుగు. బొరుసు వైపు గండభేరుండంలా రెండు తలల డేగ, దాని చుట్టూ వలయంగా అక్షరాలు, వాటి చివర 1780. పెద్దమ్మ దాన్ని నా చేతిలో పెట్టి, "నువ్వే చూసి అమ్మిపెట్టు నాన్నా. మనం మోసపోవద్దు, కొనేవాళ్లనీ మోసం చెయ్యొద్దు" అంది. ఆ రెండో మాట వల్లే ఇంత తిరగాల్సి వచ్చింది. అదే మంచిదైంది.

ఆన్‌లైన్‌లో వెతికితే పేరు వెంటనే తెలిసింది. మరియా థెరిసా థేలర్. థేలర్ అంటే ఆ కాలపు యూరప్ పెద్ద వెండి నాణెం. ఆస్ట్రియాను ఏలిన రాణి బొమ్మ అది. అదే నాణెం రకరకాల ధరలకు కనిపించింది. ఆ రోజు వెండి ధర ప్రకారం అందులోని వెండి విలువ 100 అనుకుంటే, కొందరు 400 అడుగుతున్నారు, ఒకరు 1000 దాకా పెట్టారు. రెండు వందల నలభై ఏళ్లు దాటిన నాణెం కదా, అంత ఉంటుందిలే అనుకుని 800కి పెట్టేశాను. పదకొండు రోజులు ఎవరూ కదల్లేదు. చివరికి ఒక్క మెసేజ్ వచ్చింది: "ఇది 1780లోనే ముద్రించిందని మీకెలా తెలిసిందండీ?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే లిస్టింగ్ తీసేసి చదవడం మొదలుపెట్టాను.

చదివేకొద్దీ కళ్లు తెరుచుకున్నాయి. మరియా థెరిసా 1780 నవంబర్ 29న చనిపోయింది. అప్పటికే ఎర్ర సముద్రం చుట్టుపక్కల, అరేబియాలో, ఇథియోపియాలో వర్తకులు ఈ నాణేన్ని బాగా నమ్మేవాళ్లు. అందుకని ఆమె పోయాక కూడా అదే బొమ్మతో, అదే 1780 సంవత్సరంతో ముద్రిస్తూనే ఉన్నారు. వియన్నా టంకశాలలోనే కాదు. 1935లో ఇటలీలోని ముస్సోలినీ ప్రభుత్వం అచ్చులు సంపాదించి రోమ్‌లో ముద్రించింది. ఆ తర్వాత లండన్, పారిస్, బ్రస్సెల్స్ కూడా మొదలుపెట్టాయి. 1940-41లో బొంబాయి టంకశాల కూడా ముద్రించింది. రాణి బొమ్మ కింద ఎస్.ఎఫ్. అనే రెండక్షరాలు కనిపిస్తే అసలుదే అనుకున్నాను. అవి ఇప్పటి జర్మనీలో ఉన్న గుంజ్‌బర్గ్ టంకశాల అధికారుల ఇంటిపేర్ల మొదటి అక్షరాలట. వాటిని కూడా తర్వాతి ముద్రణల్లో అలాగే ఉంచేశారు. అంటే ఈ నాణెం మీద ఉన్న సంవత్సరం దాని వయసు చెప్పదు. నేను దేన్ని చూసి ధర కట్టానో అదే ధరతో సంబంధం లేని విషయం. మిగతా నాణేల్లో సంవత్సరం చాలా ముఖ్యం, ఇందులో మాత్రం కాదు.

మొదట తూకం. ఇంట్లో ఉన్న కాటా 28 గ్రాములని చూపించి ఊరుకుంది, నాకది చాలలేదు. గ్రాములో వందో వంతు దాకా చూపించే నగల కాటా మీద పెడితే 28.05. ఈ నాణెం ఉండాల్సిన బరువు 28.07 గ్రాములు, వెండి స్వచ్ఛత వెయ్యికి 833. రెండూ గుణిస్తే నా నాణెంలో దాదాపు 23.37 గ్రాముల శుద్ధమైన వెండి ఉంది. దాన్ని ఆ రోజు గ్రాము ధరతో గుణిస్తే వచ్చేదే నేను 100 అంటున్నది. అయస్కాంతం కూడా పెట్టి చూశాను, అంటుకోలేదు. ఆ ఒక్క పరీక్షతో అసలుదని చెప్పలేం, ఎందుకంటే అయస్కాంతానికి అంటని చవక లోహాలు చాలా ఉన్నాయి. కానీ బరువు, కొలత, అంచు అక్షరాలు అన్నీ కలిస్తే ధైర్యం వస్తుంది. అంచు మందం మీద చుట్టూ లాటిన్‌లో "న్యాయం, దయ" అనే అర్థమొచ్చే మాటలు ఉబ్బెత్తుగా ఉండాలి. నా దాని మీద స్పష్టంగా ఉన్నాయి.

తర్వాత అది ఏ టంకశాలదో తేల్చడం. ఈ పనికే ఎక్కువ సమయం పట్టింది, నాకు బాగా నచ్చిందీ ఇదే. రాణి భుజం మీది బ్రూచ్‌లో (పిన్ను లాంటి నగ) ముత్యాల అమరిక, డేగ తోక ఈకలు, అంచు మీద మాటల మధ్య వచ్చే నగిషీలు, వీటిలోని తేడాలతో కలెక్టర్లు గుర్తుపడతారు. భూతద్దం కింద పెట్టుకుని, పేరున్న వేలం సంస్థలు అమ్మినవాటి ఫొటోలతో పోల్చుకుంటూ రెండు సాయంత్రాలు కూర్చున్నాను. నాది వియన్నాలో చాలా తర్వాత, లక్షల్లో ముద్రించిన సాధారణ రకం. కొద్దిగా నిరాశ కలిగిన మాట నిజమే. కానీ ఏమిటో తెలిశాక చేతిలో నాణెం తేలికపడినట్టనిపించింది.

దాని పరిస్థితి ఇంకో లెక్క. నాణేలకు 1 నుంచి 70 దాకా గ్రేడు ఇచ్చే పద్ధతి ఉంది. 1949లో విలియం షెల్డన్ అమెరికాలో పెద్ద సెంట్లనే పాత రాగి నాణేల కోసం తయారుచేసిన కొలమానమది, ఇప్పుడు మిగతా నాణేలకూ వాడుతున్నారు. నా నాణెంలో రాణి జుట్టు, డేగ ఛాతీ ఈకలు దాదాపు అరగలేదు. మంచి గ్రేడే వస్తుందనుకున్నాను. ఒకే దీపం కింద ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పితే మాత్రం ఖాళీ ఉపరితలం మీద వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే దిక్కుగా. పెద్దనాన్న ఎప్పుడో ప్రేమగా పాలిష్ పెట్టి తుడిచి ఉంటారు. కలెక్టర్లకు నల్లబడిన వెండి అంటే అభ్యంతరం లేదు, తోమిన వెండి అంటే ఒప్పుకోరు. పోయిన పైపొర మళ్లీ రాదు. మీ దగ్గర పాత నాణెం ఉంటే దయచేసి తోమకండి, గుడ్డతో కూడా రుద్దకండి. గ్రేడింగ్ సంస్థకు పంపుదామా అని కూడా లెక్క వేశాను. తోమినదానికి అంకె గ్రేడు రాదు, "శుభ్రం చేశారు" అని రాసి ఇస్తారు. ఇలాంటి సాధారణ రకానికి ఆ ఫీజు కూడా తిరిగి రాదని ఆగిపోయాను.

ఇక అసలైన పని. అడిగిన ధరలు చూడటం మానేసి, అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టాను. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు, కొన్నవాళ్లు ఇచ్చింది మాత్రమే ధర. ఇరవై మూడు అమ్మకాలు కాగితం మీద రాసుకున్నాను. నగగా వేసుకోవడానికి కొక్కెం అతికించినవి కొట్టేశాను, ఈ థేలర్లలో అవి చాలా ఉంటాయి. అరుదైన టంకశాలవి, అయిదారు కలిపి అమ్మినవి, ఫొటో మసకగా ఉన్నవి తీసేశాను. బేరంతో అమ్ముడైనవాటికి పైన కనిపించేది ఒక్కోసారి మొదట అడిగిన ధరే అని తెలిసి వాటినీ పక్కన పెట్టాను. చివరికి తొమ్మిది మిగిలాయి.

ఇక్కడ ఒక పొరపాటు చేయబోయాను. ఆరు నెలల కిందటి అమ్మకాన్నీ నిన్నటి అమ్మకాన్నీ పక్కపక్కన పెట్టి సగటు తీశాను. ఆ ఆరు నెలల్లో వెండి ధర ఎంతో మారింది! అందుకే ప్రతి అమ్మకాన్నీ ఆ రోజు వెండి విలువతో భాగించి, వందకు ఎంత పలికిందో చూశాను. అప్పుడు లెక్క కుదిరింది. తొమ్మిదిలో తక్కువది 104, ఎక్కువది 152, మధ్యలోది 128. తోమినట్టు కనిపించిన మూడూ 110 నుంచి 120 లోపే ఉన్నాయి. నా నాణెం చోటు అది. 800కి ఎందుకు ఎవరూ పలకరించలేదో ఆ కాగితం చూస్తే చాలు.

ఒక నాణేల వ్యాపారిని కూడా అడిగాను. 90 ఇస్తానన్నారు. మొదట కోపం వచ్చింది కానీ, ఆయన మళ్లీ అమ్ముకోవాలి, అది ఎన్నాళ్లుంటుందో తెలియదు. ఆన్‌లైన్‌లో అమ్మితే పెద్దమ్మ చేతికి ఎంతొస్తుందో చూస్తే ఆయన మాటలో అంత అన్యాయం లేదనిపించింది. వెబ్‌సైట్ కమిషన్ 13 శాతం, ఇన్సూరెన్సుతో పార్సిల్ ఖర్చు 5. పెద్దమ్మకు కనీసం 100 చేరాలి. 105కి 13 శాతం కలిపితే 119 వరకు వస్తుంది, చాలుననుకున్నాను. కానీ కమిషన్‌ను అమ్మిన ధర మీద కోస్తారు, నాకు కావాల్సిన మొత్తం మీద కాదు. కాబట్టి కలపకూడదు, 105ను 0.87తో భాగించాలి. దాదాపు 121 వస్తుంది. తేడా చిన్నదే. ఖరీదైన నాణెమైతే అదే బాగా తగులుతుంది.

128కి పెట్టి, బేరానికి దారి ఉంచాను. వివరణలో మొదటి వాక్యమే ఇలా రాశాను: "1780 అని ఉన్నా చాలా తర్వాత ముద్రించినది, గతంలో తోమారు." గీతలు కనిపించేలా ఏటవాలు వెలుగులో ఒక ఫొటో, అంచుకు మూడు, కాటా మీద అంకెతో ఒకటి. అలా రాస్తే ఎవరు కొంటారని మా తమ్ముడు టెన్షన్ పడ్డాడు. నాకు మాత్రం మొదటిసారి ఆ లిస్టింగ్ చూస్తే మనసు నిమ్మళంగా ఉంది.

మొదటి రోజు ఒకరు 95 ఇస్తామన్నారు. వెండి విలువ కన్నా తక్కువ కదండీ అని లెక్క చూపించి కాదన్నాను. నాలుగో రోజు ఇంకొకరు 110 అన్నారు. అది అన్యాయమైన ధరేం కాదు, కానీ పెద్దమ్మకు అనుకున్నది రాదు. ఆగాను. ఆ వారంలో వెండి కొంచెం పెరిగితే ధర కూడా అంతే సవరించాను. తొమ్మిదో రోజు ఒకాయన అంచుకు ఇంకో దగ్గరి ఫొటో అడిగారు, పంపాను. గంటలో 122కి బేరం కుదిరింది.

నాణేన్ని మెత్తటి అట్టల మధ్య కదలకుండా బిగించి, తూకం వేసి, వీడియో తీసి పంపాను. అందాక ఆయన, "మీరు చెప్పినట్టే ఉందండీ, ఈ రకం నా సేకరణలో లేదు" అని రాశారు. అన్నీ పోను పెద్దమ్మకు 101 మిగిలింది. లెక్క రాసిన కాగితం కూడా ఇచ్చాను. అంకెలు ఆవిడ పెద్దగా చూడలేదు. కొన్నాయన రాసిన మాట మాత్రం రెండుసార్లు చదివించుకుంది.