గట్టిదా, మెత్తనిదా

అమెరికాలో ఎం.ఆర్.ఐ. టెక్నాలజిస్టుగా పనిచేస్తున్నాను. రోజూ ఇంగ్లీషులో చెప్పే మాటలు ఆ రోజు తెలుగులో చెప్పాల్సి వచ్చింది. కొడుకు దగ్గర ఉండే ఒక పెద్దావిడ స్కాన్‌కు వచ్చింది. మెదడు పైపొరల్లో పుట్టే మెనింజియోమా అనే గడ్డ. ఆపరేషన్‌కు ముందు ఎం.ఆర్. ఎలాస్టోగ్రఫీ చేయమన్నారు.

ఫోన్‌లో ఉన్న అనువాదకుడు "కణితి దృఢత్వాన్ని కొలిచే పరీక్ష" అన్నాడు. తప్పేమీ లేదు. కానీ ఆవిడ నా ముఖంలోకి చూసింది. "గడ్డ గట్టిగా ఉందో మెత్తగా ఉందో చూస్తామమ్మా" అన్నాను. వెంటనే, "అది తెలిస్తే ఏం చేస్తారు బాబూ?" అంది.

అడగాల్సిన ప్రశ్నే. మెత్తని గడ్డయితే చాలావరకు సన్నటి గొట్టంతో పీల్చి తీసేయవచ్చు. గట్టిదయితే అల్ట్రాసౌండ్ పరికరంతో చితకగొడుతూ, ముక్కముక్కగా కోస్తూ రావాలి. గంటలు పెరుగుతాయి, పక్కనున్న నరాలకూ రక్తనాళాలకూ ముప్పు పెరుగుతుంది. ముందే తెలిస్తే సర్జన్ అందుకు తగ్గట్టు సిద్ధమవుతాడు. మామూలు ఎం.ఆర్.ఐ.లో టీ2 అనే రకం చిత్రంలో గడ్డ నల్లగా కనిపిస్తే గట్టిదేమోనని అంచనా వేస్తారు, అంతే. పొట్టలో గడ్డను డాక్టరు వేళ్లతో నొక్కి చూస్తాడు. పుర్రె లోపలికి వేళ్లు చేరవు కదా, ఆ పని అలలతో చేయిస్తాం.

తల కింద ఒక మెత్త పెడతాం. గది బయటి యంత్రం గొట్టంలోంచి గాలిని కొడుతుంటే ఆ మెత్త సెకనుకు సుమారు 60 సార్లు అదురుతుంది. ఆ అదురు మెదడులో అలలుగా పాకుతుంది. మెదడు కదిలేది మైక్రాన్లలోనే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, అయినా స్కానర్ పట్టేస్తుంది. గట్టిచోట అల పొడవుగా సాగుతుంది, మెత్తనిచోట కురచగా ఉంటుంది. దాన్నుంచి గట్టిదనాన్ని కిలోపాస్కళ్లనే కొలమానంలో లెక్క కడతారు. చిన్న గడ్డల్లో ఈ కొలతను అంతగా నమ్మలేం. 1995లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి బృందం ఈ పద్ధతిని 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. ఆ వ్యాసంలో మొదటి పేరు రాజా ముత్తుపిళ్ళై అని చదివినప్పుడు, పరాయి దేశంలో నేను చేస్తున్న ఈ పని నాకు మరింత దగ్గరైనట్టనిపించింది.

"తల అదురుతుంది, భయపడొద్దు. కదలకుండా ఉంటే చాలు" అని చెప్పి, ఇబ్బందైతే నొక్కి మమ్మల్ని పిలిచే రబ్బరు బల్బు చేతిలో పెట్టాను. ఒక్కసారి కూడా నొక్కలేదు. తెర మీద అలలు గడ్డ అంచుదాకా వచ్చి, అందులోకి వెళ్లగానే తీరు మార్చుకున్నాయి.

టేబుల్ బయటికి రాగానే అడిగింది: "గట్టిదేనా?"

లెక్క ఇంకా కట్టలేదు. కట్టినా ఫలితం చెప్పే అధికారం నాకు లేదు. "డాక్టరు గారు చూసి చెబుతారమ్మా" అన్నాను. లేచి కూర్చోవడానికి చెయ్యి అందిస్తే, చాలాసేపు వదల్లేదు.